కాలేజీలో నవ్వించిన నవల కాపురంలోకి వచ్చేసరికి ఎందుకు గొడవ తెస్తుంది?

కాలేజీని, పెళ్ళిని కలిపి రాసిన హాస్య నవల ఏది చేతులు మారినా గోదావరి డెల్టాలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. భీమవరంలో ఒకరు "పొట్ట చెక్కలయ్యేలా నవ్వానండి" అంటారు. అదే పుస్తకం చదివిన అమలాపురం ఆవిడ "సగం దాకా బానే ఉందండి, ఆ తర్వాత చదవబుద్ధి కాలేదు" అంటారు. మొదటివారి కంటికి రెండోవారు హాస్యం తెలియని మనిషి. రెండోవారి కంటికి మొదటివారు పక్కవాళ్ళ బాధ పట్టని మనిషి. చర్చ అక్కడితో ఆగిపోతుంది, ఎవరి దారిన వారు పోతారు.

ఇలాంటి మాటలు విన్నప్పుడల్లా నాకు ఒకే సంగతి కనిపిస్తుంది. మొదటి సగంలో ఇద్దరూ ఒకే చోట నవ్వారు. తేడా వచ్చింది పెళ్ళి తర్వాతి పేజీల్లో. హాస్యం తెలియని మనిషైతే మొదటి వంద పేజీల్లో ఎలా నవ్వారు? కాబట్టి ఆ మాట నిలబడదు. ఏ పేజీ దగ్గర, దేని మీద విడిపోయారో చూస్తే గొడవ చాలావరకు విడిపడుతుంది.

ముందు మాటలు తేల్చుకుందాం

హాస్య నవల అంటే నవ్వించడమే పనిగా కథ నడిపే నవల. పాత్రలకు కష్టాలొస్తాయి, ఉద్యోగాలు ఊడతాయి, పరువు పోతుంది. అయినా చదివేవాడికి బెంగ ఉండదు, చివరికి ఎలాగోలా గట్టెక్కుతారని ముందే ధీమా. వ్యంగ్యం అలా కాదు. నవ్విస్తూనే ఒక తప్పును వేలు పెట్టి చూపిస్తుంది. వెటకారం గురించి గోదావరి జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పెళ్ళి భోజనాలు అయిపోయాక దిగిన చుట్టంతో "అయ్యో, ఇంత తొందరగా వచ్చేశారేంటండీ" అనడం వెటకారం. ఇక్కడ అది చనువుకు గుర్తు. కొత్తవాళ్ళకి మాత్రం అవమానంలా తగలొచ్చు. ఈ తేడాతో ముందు ముందు పని ఉంది.

క్యాంపస్ నవల అంటే కాలేజీయో యూనివర్సిటీయో మొత్తం లోకంగా నడిచే కథ. ఇంగ్లీషులో ఈ రకం హాస్యానికి పెద్ద పేరు తెచ్చింది కింగ్స్లీ ఎమిస్ 1954లో రాసిన 'లక్కీ జిమ్'. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని చరిత్ర లెక్చరరు జిమ్, తనకు ఏమాత్రం గిట్టని ప్రొఫెసరును మంచి చేసుకోడానికి పడే పాట్లే కథ. డేవిడ్ లాడ్జ్ 1975లో రాసిన 'చేంజింగ్ ప్లేసెస్'లో ఒక ఇంగ్లీషు లెక్చరరు, ఒక అమెరికన్ ప్రొఫెసరు ఆరు నెలల పాటు ఉద్యోగాలు మార్చుకుంటారు. మెల్లగా కాపురాలు కూడా తారుమారవుతాయి.

మనకీ ఈ దారిలో పాత ఆస్తి ఉంది. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు బారిష్టరు చదువుకని బయలుదేరి ఎడిన్‌బరో దాకా వెళతాడు. శాస్త్రి గారిది పశ్చిమ గోదావరి జిల్లా, ఆయన కూడా ఎడిన్‌బరోలో చదువుకున్నవారే. తర్వాత చాలా ఏళ్ళకు వచ్చిన రెండు భాగాల్లో అక్కడి చదువు, తిరిగి రావడం, పెళ్ళి, ప్లీడరీ, స్వాతంత్ర్యోద్యమం అన్నీ ఉన్నాయి.

కాలేజీ మీద నవ్వు అందరికీ ఎందుకు సరిపోతుంది

ఒక సన్నివేశం ఊహిద్దాం. డెల్టాలో ఒక డిగ్రీ కాలేజీ. న్యాక్ బృందం వస్తోంది. కాలేజీల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే ఈ సంస్థ 1994లో ఏర్పడింది. ఈమధ్య దాకా దాని బృందం నేరుగా వచ్చి గదులు, ల్యాబులు, రికార్డులు చూసి వెళ్ళేది, మన సన్నివేశం ఆ రోజులది. ప్రిన్సిపాల్ గారు ఆవరణ పచ్చగా కనిపించాలని కడియం నర్సరీ నుంచి పూలకుండీలు మూడు రోజులకి అద్దెకు తెప్పిస్తారు. బృందం రావడం ఒక రోజు ఆలస్యమవుతుంది. నాలుగో రోజు పొద్దున్నే నర్సరీ వ్యాను గేటు ముందు నిలబడుతుంది. ముందు వైపు పెద్దలకు బొకేలు ఇస్తుంటే వెనక గేటులోంచి కుండీలు వెళ్ళిపోతుంటాయి. తిరిగొస్తూ బృందంలో పెద్దాయన ఆగి "ఇందాక ఇక్కడ మందారాలు ఉన్నట్టున్నాయే" అంటారు. బోటనీ మేష్టారు తడుముకోకుండా "అవి సీజనల్ అండి" అంటాడు.

ఇది చదివి ప్రిన్సిపాళ్ళు కూడా నవ్వుతారు. నవ్వు పడింది ఒక వ్యవస్థ మీద. అందులో చదివినవాళ్ళూ, పని చేసినవాళ్ళూ అందరూ అలాంటి హడావిడి చూసినవాళ్ళే. ప్రిన్సిపాల్ గారి కుర్చీకి అధికారం ఉంది, కాస్త నవ్వు పడినంత మాత్రాన ఆ కుర్చీకి ఏమీ కాదు.

ఫ్రెంచి తత్వవేత్త హెన్రీ బెర్గ్సన్ 1900లో నవ్వు మీద ఒక పుస్తకం రాశారు. అందులో రెండు మాటలు ఇక్కడ బాగా పనికొస్తాయి. మనిషి మనిషిలా కాకుండా మరబొమ్మలా ప్రవర్తిస్తే నవ్వొస్తుందన్నది ఒకటి. ఫైళ్ళు, ఫార్మాట్లు, అటెండెన్సు పట్టీలు, సంతకాల చుట్టూ తిరిగే కాలేజీలో అలాంటి మరబొమ్మలకు కొదవ లేదు. నవ్వాలంటే గుండెకు కాసేపు మత్తు ఇవ్వాలన్నది రెండోది. జాలి పుట్టిన చోట నవ్వు ఆగిపోతుంది. ప్రిన్సిపాల్ గారి మీద జాలిపడాల్సిన అవసరం మనకి రాదు.

అలాగని కాలేజీ హాస్యం ఎవరికీ గుచ్చుకోదనుకోకూడదు. పై సన్నివేశంలో కుండీలు మోసింది ఎవరు? వచ్చే ఏడాది రెన్యువల్ ఉంటుందో లేదోనని టెన్షన్ పడుతున్న గెస్ట్ లెక్చరర్ చేత మోయించారని ఒక్క వాక్యం రాస్తే చాలు, అలాంటి ఉద్యోగంలోనే ఉన్న పాఠకుడి నవ్వు సగంలో ఆగుతుంది. సన్నివేశం అదే, కుండీలూ అవే. నవ్వుకు ఎవరు ధర చెల్లిస్తున్నారో కనబడిపోయింది, అంతే.

కాపురంలో ఆ ధర ఎవరి మీద పడుతుంది

'పుస్తెలమ్మైనా పులస తినాలి' అని మనం ఎంతో సరదాగా అంటాం. వానాకాలం గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ఈ మాట అనని ఇల్లుండదు. పులస రుచి గురించి ఇంతకన్నా బాగా చెప్పలేం కూడా. కానీ అమ్మే పుస్తెలు ఎవరి మెడలోవి? తినేది అందరూ, అమ్ముకునేది ఆవిడ. ఈ మాటకు నవ్వినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నేనూ నవ్వుతాను. పెళ్ళి మీద పుట్టే హాస్యంలో చాలావరకు ఇలాగే ఒకరి సొత్తు ఖర్చు పెట్టి పదిమందిని నవ్విస్తుంది. అది ఎవరి సొత్తో వాళ్ళకి ముందుగా తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే కాలేజీ లెక్చరరు ఇంట్లోకి వెళదాం. కథ ఆయనే చెబుతున్నాడనుకోండి.

"మా ఆవిడ బీఈడీ పరీక్షలకి చదువుతోంది. ఆ రోజు పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. 'పిల్లల మనస్తత్వం పట్టుబడింది గానీ పులుసు మనస్తత్వం పట్టుబడలేదే నీకు' అన్నాను. అమ్మ, చెల్లెలు, పక్కింటి పిన్నిగారు అందరూ నవ్వారు."

సన్నివేశం ఇక్కడే ముగిస్తే కొందరు నవ్వుతారు, కొందరు పేజీ తిప్పేస్తారు. దీనికి ఒక్క వాక్యం కలుపుదాం: "మా ఆవిడా నవ్వింది. 'ఉప్పు చాలలేదని రెండోసారి వేసింది మీరేనండి' అంది." ఒక్కసారిగా నవ్వు తిరిగి మొగుడి మీద పడింది. ఇందాక పేజీ తిప్పేసినవాళ్ళు కూడా ఇప్పుడు నవ్వుతారు.

ఆ వాక్యం తీసేసి ఇంకోటి పెట్టి చూద్దాం: "మా ఆవిడ నవ్వలేదు. పుస్తకం మూసి అటక మీద పెట్టేసింది." ఇప్పుడు నవ్వు లేదు. కానీ ఆ జోకు ఏం చేసిందో నవలకు తెలుసని పాఠకుడికి అర్థమవుతుంది. ఉప్పు, పులుసు, మొగుడి చమత్కారం ఈ మూడు ముగింపుల్లోనూ ఒకటే. ఆవిడకి మాట దక్కిందా లేదా, దక్కకపోతే ఆ సంగతి పుస్తకం గమనించిందా లేదా, తేడా అంతా అక్కడే ఉంది.

మొదటి సగంలో నవ్విన పాఠకురాలు రెండో సగంలో ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా నమ్మకం. కాలేజీలో కథకుడు తనకన్నా పైనున్నవాళ్ళని ఆటపట్టించాడు. ఆ చనువు పాఠకులే ఇచ్చారు. అదే గొంతుతో, అదే చనువుతో ఇంటికొచ్చి తనకన్నా తక్కువ అధికారం ఉన్న మనిషిని ఆటపట్టించాడు. పాఠకులు ఇచ్చిన అనుమతి అంతదాకా లేదు.

కథ చెప్పే నోరు ఎవరిది

'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగానికి వందేళ్ళుగా ఇంత ఆదరణ ఉండటంలో కథ చెప్పే తీరుకు పెద్ద వాటా ఉంది. పార్వతీశం తన కథ తానే 'నేను' అంటూ చెప్పుకుంటాడు. రైలు, ఓడ, పెద్ద ఊరు, దొరల అలవాట్లు, అన్నిట్లోనూ అమాయకంగా దొరికిపోయేది అతనే. నవ్వు ధర కూడా అతనే కట్టుకుంటాడు. అందుకే ఎవరూ నొచ్చుకోరు, అతన్ని ప్రేమిస్తారు కూడా.

అదే 'నేను' పెళ్ళాం గురించి చెప్పడం మొదలుపెడితే లెక్క మారుతుంది. మునిమాణిక్యం నరసింహారావు గారి కాంతం కథలు కూడా మొగుడు చెప్పేవే. అక్కడ కాంతానికి గట్టి నోరుంది, చాలాసార్లు మాటల్లో గెలిచేది ఆవిడే. అది లేకపోతే ఆ కథలు ఇన్నాళ్ళు ఇన్ని ఇళ్ళలో బతికేవి కావనిపిస్తుంది.

ఇంగ్లీషు నవలల్లోనూ ఇదే కనిపిస్తుంది. 'చేంజింగ్ ప్లేసెస్'లో ఒక అధ్యాయం మొత్తం ఉత్తరాలే. ఇద్దరు భార్యలూ తమ మొగుళ్ళకు సొంత మాటల్లో రాసిన ఉత్తరాలు అందులో ఉంటాయి. మొగుళ్ళ తెలివితేటల గురించి అంతకుముందు మనకున్న అభిప్రాయం ఆ పేజీల్లో బాగా సడలుతుంది. 'లక్కీ జిమ్'లో మార్గరెట్ అనే లెక్చరరుకు ఆ అవకాశం దక్కలేదు. ఆమెను మనం ఎప్పుడూ జిమ్ కళ్ళతోనే చూస్తాం. జిమ్ తన ప్రొఫెసరు మీద వేసే జోకులకి ఈనాటికీ హాయిగా నవ్వేవాళ్ళు మార్గరెట్ దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది పడుతుంటారు.

రెండు వైపులా బలమైన మాటలున్నాయి

హాస్యాన్ని హాస్యంగానే చదవాలనే వాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. అతిశయోక్తి లేకుండా హాస్యం పుట్టదు, ప్రతి పాత్రా కాస్తో కూస్తో కార్టూనే. ప్రిన్సిపాల్ని, అటెండర్ని, మావగారిని కార్టూన్లు చేసి, భార్యను మాత్రం ఏ లోపమూ లేని దేవతగా నిలబెడితే ఆవిడ పాత్ర విగ్రహమైపోతుంది. నవ్వు తెప్పించే హక్కు, తప్పులు చేసే హక్కు ఆడ పాత్రలకీ ఉండాలి. ఈ మాట చాలామంది ఆడవాళ్ళే అంటారు. నాకిది చాలా విలువైన వాదన అనిపిస్తుంది.

అవతలివాళ్ళు చెప్పేది కూడా అంతే నిజం. పుస్తకంలో జోకు పుస్తకంలోనే ఉండిపోదు, భోజనాల దగ్గరికి వస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలో సంబంధం కుదిరి చదువు ఆగిపోయిన అమ్మాయికి ఆ పులుసు జోకు కొత్తది కాదు, ఇంట్లో విన్నదే. సంక్రాంతికి కొత్త అల్లుడికి వందల రకాల వంటలు వడ్డించారని ఏటా పశ్చిమ గోదావరి నుంచి వార్తలొస్తాయి. అల్లుడి ముందు విస్తళ్ళ వరస చూసి ఒకరు మురిసిపోతారు, తెల్లవారుజామున పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు ఎంతమందోనని ఇంకొకరు లెక్కేస్తారు. నవలలో ఆ ఘట్టం వస్తే ఇద్దరూ ఒకేలా నవ్వాలని అడగలేం.

మూడో వాదన కొంచెం చిక్కుగా ఉంటుంది. అలా మాట్లాడేది కథకుడు గానీ రచయిత కాదు, ఆ మొగుడి అహంకారాన్ని చూపించడమే రచయిత ఉద్దేశం అంటారు. చాలా నవలల విషయంలో ఇది నిజమే. కథకుడు నమ్మదగినవాడు కాడని పుస్తకం ఎక్కడో ఒక చోట సూచన ఇస్తుంది. అటక మీద పెట్టిన బీఈడీ పుస్తకం అలాంటి సూచనే. అసలు సూచనే లేకపోతే, లేదా రెండు వందల డెబ్బయ్యో పేజీ దాకా రాకపోతే, అంతదాకా నొచ్చుకున్న పాఠకురాలిది తప్పు అనడం నాకు న్యాయంగా అనిపించదు. ఆమె చదివింది పేజీ మీద ఉన్నదే.

వయసు, కాలం, ఊరు

జర్మన్ సాహిత్య విమర్శకుడు హన్స్ రాబర్ట్ యౌస్ 1967లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. పాఠకుడు ఖాళీ మనసుతో పుస్తకం తెరవడు, అంతకుముందు చదివినవీ చూసినవీ కలిసి ఆ పుస్తకం ఎలా ఉండాలో ముందే అంచనా కట్టుకుంటాయి అన్నది దాని సారం. అట్ట మీద 'హాస్య నవల' అని ఉంటే ఒక అంచనా, 'సాంఘిక నవల' అని ఉంటే ఇంకో అంచనా. తరం మారితే ఆ అంచనా కూడా మారుతుంది.

దీనికి మంచి ఉదాహరణ 'లక్కీ జిమ్'కే జరిగింది. రచయిత సోమర్సెట్ మామ్ 1955 చివర్లో సండే టైమ్స్ పత్రికలో ఆ నవల గురించి రాస్తూ ఎమిస్ ప్రతిభను ఒప్పుకున్నారు. కానీ ప్రభుత్వ సాయంతో యూనివర్సిటీకి వచ్చిన ఆ కొత్త తరాన్ని మాత్రం చెత్త జనమని తిట్టిపోశారు. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి. అదే నవలకు ఆయన పేరు మీదున్న సోమర్సెట్ మామ్ అవార్డు వచ్చింది. పెద్దాయనకు మర్యాద లేని కుర్రకారు కనిపించారు. కుర్రాళ్ళకు తమ మనసులో మాట చెప్పేవాడు కనిపించాడు. ఈనాటి పాఠకులు ఆ ఇద్దరినీ దాటి మార్గరెట్‌కి ఏమైందని అడుగుతున్నారు. మూడు తరాలూ మూడు చోట్ల ఆగాయి.

ఊరు కూడా పని చేస్తుంది. నరసాపురం, పాలకొల్లు వైపు పెరిగినవాళ్ళు వెటకారం వింటూ పెరుగుతారు. మొగుడు "మా ఆవిడ వంటకి తిరుగులేదండి, తిన్నవాడు తిరిగి రాడు" అని రాస్తే వాళ్ళ చెవికి దాని వెనక రావాల్సిన జవాబు కూడా వినపడుతుంది. "ఆయ్, అందుకేనండి మీ చుట్టాలకి నేనే వండుతున్నాను" అని పెళ్ళాం అనేస్తుందని వాళ్ళకి తెలుసు. అలా అలవాటైన చెవి పుస్తకంలో లేని జవాబును తనే పూరించుకుంటుంది. ఆ వాతావరణం లేని పాఠకులకు పేజీ మీదున్న సగమే కనిపిస్తుంది, మిగతా సగం లేని జోకు మొరటుగా అనిపిస్తుంది. డెల్టా పాఠకులు ఎక్కువ నవ్వడానికి ఇదొక కారణం. అయితే ఇక్కడి ఇళ్ళన్నిట్లో జవాబు చెప్పే చనువు కోడళ్ళకి ఉందనుకుంటే పొరపాటు. ఆ చనువు లేని ఇంట్లో పెరిగినవాళ్ళకి ఆ ఖాళీ ఖాళీగానే ఉంటుంది. ఒకే వీధిలో రెండు అభిప్రాయాలు ఉండటం అందుకే.

శుభం కార్డు పడ్డాక మొదలయ్యే కథ

శృంగారాన్ని అనుకరిస్తే హాస్యం పుడుతుందని నాట్యశాస్త్రంలో భరతుడు అన్నాడు. ప్రేమ, పెళ్ళి, అలకలు, సరసాలు హాస్యానికి ఎప్పటినుంచో ముడిసరుకే. కానీ పాత పద్ధతిలో హాస్య కథ పెళ్ళి దగ్గర ఆగేది. మన సినిమాల్లోనూ తలంబ్రాలు పడగానే శుభం కార్డు వేసేవారు. ఆ తర్వాత అద్దె ఇల్లు, జీతం, అత్తగారు, ఆగిపోయిన చదువు, పిల్లలు ఉంటాయని అందరికీ తెలుసు, కథ మాత్రం అటు తొంగిచూసేది కాదు. కాలేజీని, కాపురాన్ని ఒకే అట్టలో పెట్టే నవల ఆ గీత దాటి ముందుకు వెళుతుంది. నవ్వు కోసం గుండెకు ఇచ్చిన మత్తు అక్కడ దిగిపోవడం మొదలవుతుంది. ఆ పేజీల్లో నవ్వు తగ్గి బరువు పెరగడం రచయిత చేతకానితనం కానక్కర్లేదు, కథ అడిగి ఉండొచ్చు.

పార్వతీశం పాఠకులే ఇందుకు సాక్ష్యం. మొదటి భాగానికి ఉన్నంత పేరు మిగతా రెండింటికి లేదు. పార్వతీశం అంటే మొగల్తూరు నుంచి ఎడిన్‌బరోకు ప్రయాణమేనని చాలామందికి గుర్తు. మూడో భాగం దాకా వెళ్ళినవాళ్ళు పెళ్ళయి, కేసులు వాదించి, దేశం కోసం ఆరాటపడిన ఒక పెద్దమనిషిని కూడా చూశారు. కొందరికి అక్కడ హాస్యం తగ్గిందని అసంతృప్తి, కొందరికి ఆ కుర్రాడు అంతవాడయ్యాడని తృప్తి. ఇద్దరూ చెప్పుకునేది 'బారిష్టర్ పార్వతీశం' గురించే. అభిప్రాయాలు కలవడం లేదని వాదనకు దిగే ముందు ఒకరినొకరు అడగాల్సింది చాలా చిన్న సంగతి: ఎన్నో భాగం దాకా చదివారండీ?